చిన్న వర్క్‌షాపు మోటారుకు ఓవర్‌లోడ్ రక్షణ: ఎంసీబీ, రిలే, ఎంపీసీబీల్లో ఏది ఎంచుకోవాలి?

కాలిపోయిన త్రీ ఫేజ్ మోటారును రీవైండింగ్ షాపులో విప్పినప్పుడు మెకానిక్ మొదట చూసేది కాయిళ్ల రంగును. చుట్టూ ఉన్న కాయిళ్లన్నీ ఒకే తీరున నల్లబడి ఉంటే ఆ మోటారు చాలాకాలం అధిక భారం మోసిందని, లేదా గాలి ఆడక వేడెక్కిందని అర్థం. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిళ్ల చివరలను ఒక్కచోట కలిపినది) ఉన్న మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు మాడిపోయి మూడో ఫేజు కాయిళ్లు కొత్తవాటిలా మెరుస్తూ ఉంటే, లేదా డెల్టా కనెక్షన్ (మూడింటినీ త్రికోణంలా కలిపినది) ఉన్న మోటారులో ఒక్క ఫేజు కాయిళ్లు మాత్రమే మాడి మిగిలిన రెండూ బాగుంటే, అది సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయినా మోటారు మిగిలిన రెండింటి మీదే నడవడం, చేసిన పని. ఒకే స్లాటు దగ్గర చిన్న మచ్చలా రాగి కరిగి ఉంటే ఇన్సులేషన్ దెబ్బతిని షార్టు అయిందన్నమాట. దాన్ని ఏ ఓవర్‌లోడ్ రిలే (అధిక కరెంటును పసిగట్టి మోటారును ఆపించే పరికరం) అయినా ఆపలేదు. కొత్త రక్షణ పరికరం కొనాలనుకునేవారు, పాత వైండింగును తీసి పారేయకముందే అది ఏ తీరున మాడిందో మెకానిక్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. ఏ పరికరం ఏ లోపాన్ని పసిగట్టగలదన్న దానిమీదే ఇక్కడ ఎంపికంతా ఆధారపడి ఉంటుంది. బ్రాండు, ధర ఆ తర్వాతి సంగతులు.

ఈ వ్యాసం అర హెచ్‌పీ నుంచి 5 హెచ్‌పీ దాకా ఉండే మోటార్ల గురించి మాత్రమే. వడ్రంగి షెడ్డులోని రంపపు బల్ల, చిత్రిక పట్టే ప్లేనర్, చిన్న లేతు, బెంచ్ డ్రిల్లింగ్ మెషీన్, ఎయిర్ కంప్రెసర్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. లెక్కల కోసం ఒక మోటారును ఉదాహరణగా తీసుకుందాం: 3 హెచ్‌పీ, 415 వోల్టులు, స్టార్ కనెక్షన్, నేమ్‌ప్లేట్ మీద 4.8 ఆంపియర్లు, బెల్టు ద్వారా రంపపు బల్లను తిప్పుతున్నది.

ఎంసీబీ ఉంటే చాలదా?

చాలదు. అయితే మన వర్క్‌షాపుల్లో అత్యధికంగా కనిపించేది ఎంసీబీ (మినియేచర్ సర్క్యూట్ బ్రేకరు) ఒక్కటే ఉన్న అమరిక కాబట్టి, ఎందుకు చాలదో అంకెలతో చూడటం అవసరం. ఎంసీబీలకు వర్తించే ఐఎస్/ఐఈసీ 60898 ప్రమాణం ప్రకారం, దాని మీద రాసి ఉన్న కరెంటుకు 1.13 రెట్లు పోతున్నా గంటసేపటి వరకు అది ట్రిప్ కాకూడదు, అంటే పడిపోయి కరెంటును తెంచకూడదు; 1.45 రెట్లు పోతుంటే గంటలోపు ట్రిప్ కావాలి. మన ఉదాహరణలోని మోటారుకు 6 ఆంపియర్ల ఎంసీబీ పెట్టామనుకుంటే, 6.7 ఆంపియర్లు లాగుతున్నా అది ఊరుకుంటుంది. 4.8 ఆంపియర్ల మోటారుకు 6.7 ఆంపియర్లంటే 40 శాతం ఎక్కువ. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, లోపల మామూలుకన్నా దాదాపు రెట్టింపు వేడి పుడుతున్నా ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నట్టు లెక్క.

అసలు చిక్కు ఇంతకన్నా పెద్దది. మోటారు బయలుదేరేటప్పుడు నేమ్‌ప్లేట్ కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది, మొదటి అర సైకిలులో ఆ పోటు ఇంకా ఎక్కువగా ఉంటుంది. సీ రకం ఎంసీబీలోని అయస్కాంత భాగం 5 నుంచి 10 రెట్ల మధ్య ఎక్కడైనా తక్షణం ట్రిప్ కావచ్చు. అంటే 6 ఆంపియర్లదానికి 30 నుంచి 60 ఆంపియర్ల మధ్య. మన మోటారు స్టార్టింగ్ కరెంటు 29 ఆంపియర్లు దాటి ఉంటుంది కాబట్టి, మీట నొక్కినప్పుడల్లా కాకపోయినా తరచుగా ఎంసీబీ పడిపోతూ ఉంటుంది. రెండు రోజులు విసిగిన యజమాని షాపుకు వెళ్లి 10 ఆంపియర్లది తెచ్చుకుంటాడు. ఇక అది 11.3 ఆంపియర్ల దాకా కదలదు. ఈ పరిస్థితిలో ఒక ఫేజు పోయిందనుకోండి: పూర్తి భారం మీద ఉన్న మోటారు మిగిలిన రెండు తీగల్లో సుమారు 1.73 రెట్లు, అంటే 8.3 ఆంపియర్లు లాగుతుంది, ఆ రెండు ఫేజుల కాయిళ్లలో మూడు రెట్ల వేడి పుడుతుంది, 10 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం వైండింగు కాలి షార్టు అయ్యేదాకా కదలకుండా ఉంటుంది. షార్టు అయిన తర్వాత అది ఠక్కున పడిపోతుంది, దానితో ఎంసీబీ బాగానే పనిచేసిందన్న భ్రమ కూడా మిగులుతుంది.

డీ రకం ఎంసీబీని మోటారు ఎంసీబీ అని చెప్పి అమ్మేవారు ఉన్నారు. దాని అయస్కాంత భాగం 10 నుంచి 20 రెట్ల మధ్య పనిచేస్తుంది కాబట్టి స్టార్టింగ్ పోటుకు అది పడిపోదు, ఆ మేరకు నిజమే. కాని నిదానంగా పనిచేసే థర్మల్ భాగం సీ రకంలోనిదే, ఆ 1.13, 1.45 లెక్కలు రెండింటికీ సమానం. పైగా ఎంసీబీని 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు సరిచూసి తయారుచేస్తారు. రామగుండంలోనో, ఖమ్మంలోనో మే నెలలో రేకుల షెడ్డు కింద, తలుపు మూసిన ఇనుప పెట్టెలో అది నిర్ణీత కరెంటు కన్నా తక్కువకే పడిపోవడం మొదలుపెడుతుంది. వేసవిలో అకారణంగా పడుతోందని పెద్దది వేస్తారు, చలికాలం వచ్చాక దాన్ని మార్చేవారు ఉండరు. ఎంసీబీ తీగను కాపాడటానికి పుట్టిన పరికరం, షార్టు సర్క్యూట్ వచ్చినప్పుడు దాని అవసరం తప్పకుండా ఉంటుంది. అందుచేత దాన్ని తీసేయమని చెప్పడం లేదు, మోటారు కాపలా దానికి అప్పగించవద్దని మాత్రమే చెబుతున్నాను.

పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తీగ మార్చుకునే ఫ్యూజు తన కరెంటుకు దాదాపు రెట్టింపు పోతే తప్ప త్వరగా కరగదు, అందులోనూ చేతికి దొరికిన తీగ చుట్టేసే అలవాటు ఉన్నచోట దానికి లెక్కే లేదు. త్రీ ఫేజ్ మోటారుకు అది మరో కీడు కూడా చేస్తుంది: మూడింటిలో ఒక్క ఫ్యూజు పోతే, మిగిలిన రెండూ మోటారును సింగిల్ ఫేజింగ్‌లోకి నెట్టి నిలబడి ఉంటాయి.

బైమెటల్ రిలే ఉన్న స్టార్టరు

ఆకుపచ్చ, ఎరుపు బటన్లున్న డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్, మోటారును నేరుగా లైనుకు కలిపే) స్టార్టరు పెట్టెను తెరిస్తే పైన కాంటాక్టరు (కాయిలు అయస్కాంతంతో మూసుకునే స్విచ్చు), దాని కింద మూడు కాళ్లతో వేలాడుతున్నట్టు ఓవర్‌లోడ్ రిలే కనిపిస్తాయి. మూడు ఫేజుల కరెంటు మూడు బైమెటల్ (రెండు లోహాలు అతికించిన) పట్టీలను వేడిచేస్తుంది, పట్టీలు వంగి ఒక ప్లాస్టిక్ బద్దను నెడతాయి, ఆ బద్ద 95, 96 అంకెలున్న చిన్న కాంటాక్టును తెరుస్తుంది, ఆ కాంటాక్టు గుండా పోయే కాయిలు కరెంటు తెగిపోయి కాంటాక్టరు విడిపోతుంది. గమనించవలసింది ఏమిటంటే, రిలే తనంతట తాను మోటారు కరెంటును తెంచదు, కాంటాక్టరుకు చెబుతుంది. 95, 96 స్క్రూల మధ్య ఎవరైనా తీగ ముక్క వేసి కలిపేస్తే రిలే ఎంత మంచిదైనా దండగే. పాత స్టార్టరును కొనేటప్పుడు ఈ ఒక్క చోటు తప్పకుండా చూడాలి.

ఈ రిలే మోటారు వేడెక్కే తీరును అనుకరించేటట్లు రూపొందింది. ఐఎస్/ఐఈసీ 60947-4-1 ప్రమాణం ప్రకారం, డయలు మీద పెట్టిన కరెంటుకు 1.05 రెట్లు పోతుంటే అది రెండు గంటల వరకు ట్రిప్ కాకూడదు, 1.2 రెట్లు పోతుంటే రెండు గంటలలోపు ట్రిప్ కావాలి. ఎంసీబీ వదిలేసే విస్తీర్ణాన్ని దీనితో పోల్చి చూడండి. సాధారణంగా దొరికే క్లాస్ 10 రిలే, అప్పటికే వేడిగా నడుస్తున్న స్థితిలో 1.5 రెట్ల కరెంటుకు నాలుగు నిమిషాలలోపు, చల్లని స్థితిలో 7.2 రెట్ల కరెంటుకు 4 నుంచి 10 సెకన్లలోపు పనిచేస్తుంది. అంటే స్టార్టింగ్ పోటును రెండు మూడు సెకన్లు ఓర్చుకుంటుంది, రంపం చెక్కలో ఇరుక్కుని మోటారు తిరగకుండా ఆగిపోతే పది సెకన్ల లోపు ఆపేస్తుంది. మన ఉదాహరణలోని సింగిల్ ఫేజింగ్ సందర్భంలో, ఎంసీబీ అసలు గుర్తించని ఆ 8.3 ఆంపియర్లను ఇది నాలుగు నిమిషాలు గడవకుండానే పట్టుకుంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మోటారు సగం భారంతో నడుస్తున్నప్పుడు ఫేజు పోతే, మిగిలిన తీగల్లో కరెంటు పెరిగినా నేమ్‌ప్లేట్ అంకె దగ్గరే ఆగిపోవచ్చు, అప్పుడు మామూలు రిలేకు తేడా తెలియదు. డెల్టా మోటారులో ఇది మరింత ప్రమాదకరం. బయటి తీగలో కరెంటు సరిగ్గా పూర్తి భారం కరెంటుగానే కనిపిస్తున్నా, లోపల ఒక ఫేజు వైండింగులో మాత్రం దాని హద్దుకన్నా 15 శాతం ఎక్కువ పోతూ ఉంటుంది. అందుకే రెండు బద్దలతో పనిచేసే డిఫరెన్షియల్ రకం రిలేలు వచ్చాయి: రెండు పట్టీలు వేడెక్కి మూడోది చల్లగా ఉంటే, ఆ తేడానే కారణంగా తీసుకుని అవి ముందుగా ట్రిప్ అవుతాయి. పెట్టె మీద ఫేజ్ ఫెయిల్యూర్ సెన్సిటివ్ అని రాసి ఉన్నదీ లేనిదీ చూసి కొనండి. ఇప్పుడు పేరున్న కంపెనీల రిలేలు చాలావరకు ఈ రకమే, చవక నకళ్ల సంగతి వేరు.

బ్రాండు కన్నా ముందు తేల్చుకోవలసింది రేంజి. దుకాణంలో మూడు హెచ్‌పీ స్టార్టరు ఇవ్వండి అని అడిగే అలవాటు మనకు ఉంది, ఆ అడగడంలోనే లోపం ఉంది. అదే మూడు హెచ్‌పీ మోటారు ఒక కంపెనీది 4.6 ఆంపియర్లు, మరొక పాతది 5.2 ఆంపియర్లు లాగవచ్చు, రీవైండింగ్ అయినది ఇంకొంచెం తేడాగా ఉండవచ్చు. బైమెటల్ రిలే డయలు రేంజి చిన్నది, పై హద్దు కింది హద్దుకు సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. 4.8 ఆంపియర్ల మోటారుకు 4 నుంచి 6.3 రేంజి ఉన్నది సరిపోతుంది. 6 నుంచి 10 రేంజి ఉన్నది అంటగడితే, డయలును అడుగుకు తిప్పినా 6 దగ్గరే ఆగుతుంది, అంటే మొదలే 25 శాతం వదులు. కాబట్టి నేమ్‌ప్లేటును ఫోనులో ఫొటో తీసుకుని హైదరాబాద్‌లో ట్రూప్ బజారుకో, సికింద్రాబాద్‌లో రాణిగంజ్‌కో వెళ్లండి, హెచ్‌పీ చెప్పకుండా ఆంపియర్లు చెప్పండి, రిలే డయలు మీది రెండు చివరి అంకెలను కళ్లారా చూసి తీసుకోండి.

స్టార్టరుకు ఉన్న మరో గుణం ఓవర్‌లోడ్‌కు సంబంధించినది కాకపోయినా, ఎంపికను నిర్ణయించేంత బలమైనది. కరెంటు పోయినప్పుడు కాంటాక్టరు విడిపోతుంది, తిరిగి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆకుపచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. కరెంటు పోయిందని రంపం పళ్ల మధ్య ఇరుక్కున్న చెక్కముక్కను చేత్తో తీస్తున్నవాడికి ఈ గుణమే రక్ష. వ్యవసాయ పంపుసెట్లకు వాడే ఆటో స్టార్టర్లు దీనికి సరిగ్గా విరుద్ధం, కరెంటు రాగానే మోటారును అవే నడిపిస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు భూగర్భజలాల కోసం వాటిని తొలగించమని రైతులను కోరారు. బోరు దగ్గర అది నీటి లెక్క, వర్క్‌షాపులో అది వేళ్ల లెక్క.

రిలే మీద మాన్యువల్, ఆటో అని రీసెట్‌కు రెండు స్థానాలు ఉంటాయి. బటన్లతో నడిచే స్టార్టరులో ఆటో పెట్టినా, కాంటాక్టరు ఒకసారి విడిపోయాక బటన్ నొక్కితేనే మోటారు తిరుగుతుంది. కాని కంప్రెసరు ప్రెషర్ స్విచ్చు వంటివి కాంటాక్టరును నేరుగా నడిపే చోట ఆటో పెడితే, రిలే చల్లారగానే మోటారు మళ్లీ తిరిగి, మళ్లీ వేడెక్కి, ఇలా చివరికి వైండింగు పోయేదాకా ఆ చక్రం సాగుతుంది. అన్నిచోట్లా మాన్యువల్‌లో ఉంచడమే నా సలహా.

ఎంపీసీబీ

మోటారు ప్రొటెక్షన్ సర్క్యూట్ బ్రేకరును క్లుప్తంగా చెప్పాలంటే, బైమెటల్ ఓవర్‌లోడ్ రిలేను, షార్టు సర్క్యూట్ బ్రేకరును ఒకే చిన్న పెట్టెలో కలిపిన పరికరం. దీనికీ ముందు డయలు ఉంటుంది, రేంజిని చూసి కొనవలసిందే. ఉదాహరణకు ష్నైడర్ వారి జీవీ2ఎంఈ శ్రేణిలో 08 సంఖ్య ఉన్నది 2.5 నుంచి 4 ఆంపియర్లకు, 10 సంఖ్య ఉన్నది 4 నుంచి 6.3 ఆంపియర్లకు, 14 సంఖ్య ఉన్నది 6 నుంచి 10 ఆంపియర్లకు. దీని అయస్కాంత భాగం రేంజి పై హద్దుకు సుమారు 13 రెట్ల దగ్గర పనిచేస్తుంది కాబట్టి స్టార్టింగ్‌కు పడిపోదు. ఐఈ3 శ్రేణి (కరెంటు ఆదా చేసే అధిక సామర్థ్యపు) మోటార్లు పాత మోటార్లకన్నా ఎక్కువ స్టార్టింగ్ పోటు తీసుకుంటాయి కనుక, అలాంటి మోటారుకు ఐఈ3కి తగినదని తయారీదారు పేర్కొన్న నమూనా తీసుకోవడం మేలు.

దీనిలోని గొప్ప సౌకర్యం మూడు ఫేజులనూ ఒకేసారి తెంచడం. ఏ ఒక్క ఫేజులో లోపం వచ్చినా మూడూ తెగుతాయి, కిట్‌కాట్ ఫ్యూజు చేసే కీడు ఇక్కడ ఉండదు. స్టార్టరుకు విడిగా ఫ్యూజులు గాని, ఎంసీబీ గాని తోడు కావాలి. ఎంపీసీబీకి సాధారణంగా ఆ తోడు అక్కర్లేదు. చోటు తక్కువ, తీగల పని తక్కువ.

కాని ఒంటరిగా పెట్టిన ఎంపీసీబీలో, కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. రంపపు బల్లకు, ప్లేనరుకు, లేతుకు ఇది ఒప్పుకోదగిన విషయం కాదు. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి: పక్కన బిగించే అండర్‌వోల్టేజ్ రిలీజ్ (వోల్టేజీ పోగానే బ్రేకరును పడేసే భాగం) కొనడం, లేదా ఎంపీసీబీ తర్వాత బటన్లతో నడిచే కాంటాక్టరు పెట్టడం. రెండో మార్గం కొంచెం ఖర్చు ఎక్కువే అయినా నా మొగ్గు అటువైపే, ఎందుకంటే రోజుకు ఎన్నోసార్లు ఆన్ ఆఫ్ చేసే పనికి కాంటాక్టరే తయారై ఉంది. బ్రేకరు మీటనే స్విచ్చులా వాడితే అది త్వరగా అరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను, కూలెంటు పంపు వంటి, తిరిగి తిరగడం వల్ల ఎవరికీ హాని లేని చిన్న మోటార్లకు ఒంటరి ఎంపీసీబీ నిక్షేపంగా సరిపోతుంది.

కరెంటును చూసే పరికరాలకు కనిపించని వేడి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కరెంటును చూసి వేడిని ఊహిస్తాయి, వేడిని చూడవు. వడ్రంగి షెడ్డులో ఈ తేడా చాలా పెద్దది. మోటారు వెనుక ఫ్యాను మూత జాలికి రంపపు పొట్టు అట్టకట్టి, ఒంటి మీది రెక్కల మధ్య సన్నని పొట్టు గడ్డకట్టిన మోటారు 4.8 ఆంపియర్లే లాగుతూ ఉంటుంది, రిలే ప్రశాంతంగా ఉంటుంది, లోపల వైండింగు మాత్రం ఉడుకుతూ ఉంటుంది. మోటార్లను సాధారణంగా 40 డిగ్రీల పరిసరానికి రూపొందిస్తారు. షెడ్డులో 46 ఉన్నరోజు, పొట్టు పేరుకున్న మోటారుకు మిగిలిన వెసులుబాటు ఏమీ ఉండదు. హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీల వేడికి ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే స్థూలమైన లెక్క.

దీనికి మందు వైండింగులోనే ఉండే ఉష్ణ సూచికలు. పీటీసీ థర్మిస్టర్లను రీవైండింగ్ చేసేటప్పుడే, ప్రతి ఫేజు కాయిళ్ల చివర ఒక్కొక్కటి చొప్పున కట్టించి, రెండు తీగలు టెర్మినల్ బాక్సులోకి తెప్పించుకోవచ్చు; వాటికి తోడుగా చిన్న థర్మిస్టర్ రిలే ఒకటి కావాలి. 155 డిగ్రీల క్లాస్ ఎఫ్ ఇన్సులేషనా, 130 డిగ్రీల క్లాస్ బీ ఇన్సులేషనా అన్నది చూసి తగిన థర్మిస్టర్ పెట్టమని మెకానిక్‌కు చెప్పాలి. మోటారు ఎలాగూ విప్పి ఉన్నప్పుడు ఇది చౌకగా తేలిపోయే పని. అయితే థర్మిస్టర్ ఒక్కటే చాలనుకోవడం కూడా పొరపాటే: రంపం ఇరుక్కుని మోటారు ఆగిపోయినప్పుడు రాగి సెకన్లలో వేడెక్కుతుంది, ఆ వేడి థర్మిస్టరు పూతను దాటి లోపలికి చేరేలోగా నష్టం జరిగిపోవచ్చు, అక్కడ బైమెటల్ రిలేనే ముందుంటుంది. పొట్టు ఎక్కువగా ఉండే షెడ్డులో రెండూ కలిపి పెట్టుకోవడం సరైన పద్ధతి. లేతు వంటి శుభ్రమైన చోటికి రిలే చాలు.

ఎలక్ట్రానిక్ రిలే, ప్రివెంటరు, డ్రైవు

ఎలక్ట్రానిక్ ఓవర్‌లోడ్ రిలేకు డయలు రేంజి విశాలంగా ఉంటుంది, చాలావాటికి పై హద్దు కింది హద్దుకు నాలుగైదు రెట్లు. ఫేజు పోతే కొద్ది సెకన్లలోనే పట్టుకుంటుంది, ట్రిప్ క్లాసును మార్చుకునే వీలు కొన్నింటిలో ఉంటుంది. మోటార్లను తరచూ మారుస్తూ ఉండేవారికి, లేదా బరువైన చక్రాలున్న బ్యాండ్ రంపం, పవర్ ప్రెస్ వంటి వాటిని నడిపేవారికి ఇది ఉపయోగపడుతుంది. అలాంటి యంత్రాలు పూర్తి వేగం అందుకోవడానికి పది సెకన్లు దాటవచ్చు, క్లాస్ 10 రిలే స్టార్టింగ్‌లోనే పడిపోతుంది, వాటికి క్లాస్ 20 కావాలి. క్లాస్ 20 కోసం వెళ్లేముందు మోటారు అంతసేపు స్టార్టింగ్ కరెంటును తట్టుకోగలదో లేదో తయారీదారు సమాచారంలో చూడటం తప్పనిసరి. ఒక్క మూడు హెచ్‌పీ రంపపు బల్ల ఉన్నవాడికి మాత్రం ఎలక్ట్రానిక్ రిలే అవసరం నాకు కనిపించదు.

ఒక ఫేజు పోతే మోటారును ఆపడానికి పెట్టే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు విషయంలో ఒక జాగ్రత్త. కేవలం వోల్టేజీ ఉన్నదా లేదా అని చూసే చవక రకాలను నడుస్తున్న మోటారే మోసం చేస్తుంది: ఒక ఫేజు పోయినా, తిరుగుతున్న మోటారు ఆ తెగిన తీగలోకి తానే వోల్టేజీని పుట్టిస్తుంది, ప్రివెంటరు మూడూ ఉన్నాయనుకుంటుంది. అదీకాక కాంటాక్టరు పాయింటు ఒకటి కాలి ఫేజు తెగితే, దానికి పైన కట్టిన వోల్టేజీ ప్రివెంటరుకు ఆ సంగతి తెలియనే తెలియదు. మోటారుకు పోయే కరెంటునే చూసే రకాన్ని తీసుకోవాలి. డిఫరెన్షియల్ రిలే ఉన్న కొత్త స్టార్టరుకు ప్రివెంటరు అదనపు భద్రత అవుతుంది. గ్రామీణ ఫీడర్ల మీద, ఫేజులు తరచుగా పోయే చోట ఆ అదనం దండగ కాదు.

వీఎఫ్‌డీ డ్రైవు (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టుకున్నవారికి ఓవర్‌లోడ్ రక్షణ అందులోనే ఉంటుంది. అయితే మోటారు కరెంటు అనే పారామీటరులో నేమ్‌ప్లేట్ అంకెను నమోదు చేయకపోతే, అది డ్రైవు సొంత సామర్థ్యాన్నే మోటారు సామర్థ్యమని అనుకుంటుంది. నెమ్మది వేగంలో మోటారు ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, చాలాసేపు తక్కువ వేగంలో పనిచేసే లేతుకు డ్రైవుతో పాటు థర్మిస్టరు కూడా ఉండటం మంచిది. ఒకే డ్రైవు మీద రెండు మోటార్లు నడుపుతుంటే ప్రతి మోటారుకూ విడిగా రిలే పెట్టాలి.

సింగిల్ ఫేజ్ మోటార్లు

ఇంటి వెనుక షెడ్డులో 230 వోల్టుల మీద నడిచే అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మోటార్లకు చాలామంది ఏ రక్షణా పెట్టరు, పెడితే ఎంసీబీ పెడతారు. మిక్సీ అడుగున వేలితో నొక్కే చిన్న ఎర్ర బటన్ అందరూ చూసినదే. అదే జాతి థర్మల్ బ్రేకరు బెంచ్ గ్రైండర్లు, చిన్న డ్రిల్లింగ్ మెషీన్లలో కూడా వస్తుంది. తయారీదారు దాన్ని అమర్చి ఉంటే, అది మాన్యువల్ రీసెట్ రకమే అయితే, అర హెచ్‌పీకి వేరే ఏర్పాటు అక్కర్లేదు. మోటారు ఒంట్లో దాగి ఉండే ఆటో రీసెట్ థర్మల్ ప్రొటెక్టరు సంగతి వేరు. వేడికి ఆగి, చల్లారగానే హెచ్చరిక లేకుండా తిరిగే ఆ రకం రంపానికి పనికిరాదు. రంపం ఆగిపోయిందని చూసి బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయాలన్న నియమం అలాంటి మోటార్ల వల్లే మరింత అవసరమైంది.

ఒక హెచ్‌పీ, అంతకు మించిన సింగిల్ ఫేజ్ మోటారుకు బైమెటల్ రిలే ఉన్న స్టార్టరు లేదా ఎంపీసీబీ పెట్టవచ్చు. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు తరచుగా చేసే తప్పు ఒకటి ఉంది: మూడు పోళ్లలో ఒకటి ఖాళీగా వదిలేయడం. ఫేజు పోతే పట్టుకునే రిలేకు ఒక పట్టీ చల్లగా ఉంటే సింగిల్ ఫేజింగ్ అయినట్టే అనిపిస్తుంది, నేమ్‌ప్లేట్ కరెంటుకే అకారణంగా పడిపోతుంది. అదే కరెంటు మూడు పోళ్ల గుండా వరసగా పోయేటట్లు, ఒక దాని కింది నుంచి తీగను తెచ్చి పక్కదాని పైన కలిపి కట్టాలి. కెపాసిటర్ స్టార్ట్ మోటారులో సెంట్రిఫ్యూగల్ స్విచ్చు అతుక్కుపోతే స్టార్టింగ్ వైండింగు విడిపోక కాలిపోతుంది. అప్పుడు మోటారు లాగే కరెంటు బాగా పెరుగుతుంది కాబట్టి సరిగా సెట్ చేసిన రిలే దాన్నీ కాపాడుతుంది, 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడలేదు.

ఎంచుకున్నాక

నా ఎంపికలు ఇవి. 1 నుంచి 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారుతో నడిచే, చేతులు దగ్గరగా పెట్టి పనిచేసే ఏ యంత్రానికైనా డిఫరెన్షియల్ బైమెటల్ రిలే ఉన్న డీఓఎల్ స్టార్టరు, దానికి సరఫరా వైపు షార్టు సర్క్యూట్ కోసం తగిన ఎంసీబీ లేదా హెచ్ఆర్‌సీ ఫ్యూజు (పెద్ద షార్టు కరెంటును తెంచగల ఫ్యూజు). ఒకే ప్యానెల్లో మూడు నాలుగు మోటార్లు పెట్టబోతుంటే, ప్రతిదానికీ ఎంపీసీబీ, కాంటాక్టరు జంట. పొట్టు, దుమ్ము ఉన్నచోట ఇందులో దేనికైనా తోడుగా థర్మిస్టర్లు, అదీ మోటారు రీవైండింగ్‌కు వచ్చినప్పుడు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంచే బ్రేకరు), ఎర్తింగు మనిషి ప్రాణానికి సంబంధించినవి, అవి వీటన్నిటితో పాటు ఉండవలసిందే. ఓవర్‌లోడ్‌తో వాటికి సంబంధం లేదు.

డయలును నేమ్‌ప్లేట్ మీద ఉన్న కరెంటు దగ్గరే పెట్టాలి. అమెరికా వీడియోల్లో ఆ కరెంటుకు 125 శాతం దగ్గర పెట్టమని చెబుతుంటారు. సర్వీస్ ఫ్యాక్టరు 1.15 ఉన్న (అంటే నేమ్‌ప్లేటుకు మించి 15 శాతం భారం మోయగల) అక్కడి మోటార్లకు అక్కడి కోడ్ ఇచ్చిన వెసులుబాటు అది, మన ఐఈసీ మోటారుకు, రిలేకు ఆ లెక్క తగదు. మోటారు టెర్మినళ్ల దగ్గర, అంటే రిలే తర్వాత, కెపాసిటరు కట్టి ఉంటే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది, అప్పుడు క్లాంప్ మీటరుతో కొలిచి డయలును ఆ మేరకు దించాలి. కొలిచేటప్పుడు మూడు తీగలనూ ఒక్కొక్కటిగా కొలవండి: వోల్టేజీలో ఒక శాతం అసమానత కూడా కరెంటులో 6 నుంచి 10 శాతం అసమానతగా బయటపడవచ్చు, ఒక ఫేజు మాత్రమే ఎక్కువ లాగుతుంటే లోపం మోటారులో కాక లైనులో ఉండే అవకాశం ఉంది. సాయంత్రం వోల్టేజీ 415 నుంచి 360కి పడిపోయే ఊళ్లలో అదే పనికి కరెంటు 15 శాతం దాకా పెరుగుతుంది. అప్పుడు రిలే పడిపోతే డయలు పెంచకుండా చెక్కను నెమ్మదిగా నెట్టండి.

బిగించిన రోజున మోటారు నడుస్తుండగా రిలే మీది టెస్టు మీటను కదిపి చూడండి. కాంటాక్టరు విడిపోయి మోటారు ఆగితే 95, 96 తీగలు సరిగా ఉన్నట్టు. ఆగకపోతే ఎంత ఖరీదైన రిలే అయినా అలంకారమే. రిలే పడిపోయాక వెంటవెంటనే రీసెట్ చేసి నడపడం తగదు, పట్టీలు మోటారు వైండింగుకన్నా చాలా ముందే చల్లారతాయి, కాబట్టి రీసెట్ బటన్ నిలబడినంత మాత్రాన మోటారు చల్లారిందని కాదు. ఒకే రోజు రెండోసారి పడిపోతే బ్లేడు మొద్దుబారిందా, బెల్టు బిగుసుకుందా, బేరింగు పట్టేసిందా అని బల్ల వైపు చూడండి, డయలు వైపు కాదు.